‘ఒప్పుకోను’ అనడానికి మీట లేని లెక్క

బ్రిటన్‌లోని పోస్టాఫీసు బ్రాంచీల్లో నాలుగైదు వారాలకొకసారి లెక్క ముగించే రోజు వస్తుంది. ఆ సాయంత్రం కౌంటరు మూసేశాక, బ్రాంచి నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ సొరుగులోని నోట్లూ చిల్లరా స్టాంపులూ లెక్కపెట్టి, ఆ అంకెలను హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కిస్తారు. హొరైజన్ తన దగ్గరున్న లెక్కతో వాటిని పోల్చి తేడా చూపిస్తుంది. తేడా 2 వేల పౌండ్లు వచ్చిందనుకుందాం. ఆ 2 వేలు ఎక్కడికి పోయాయో ఆ మనిషికి తెలియదు. రసీదులన్నీ మళ్ళీ చూసుకున్నా, సొరుగు మళ్ళీ లెక్కపెట్టినా ఫలితం లేదు. 2005 తర్వాత తెర మీద ఆ మనిషికి మిగిలిన దారులు రెండే: ఆ లోటును నగదుగానో చెక్కుగానో తన జేబులోంచి పూడ్చడం, లేదా ‘కేంద్ర కార్యాలయంతో తేల్చుకుంటాను’ అని అర్థమొచ్చే మీట నొక్కడం. ఈ రెండోది వినడానికి బాగానే ఉంటుంది గానీ, అది నొక్కగానే ఆ మొత్తం సంస్థకు సబ్‌పోస్ట్‌మాస్టర్ పడిన బాకీగా నమోదవుతుంది. ఏదో ఒకటి నొక్కి, లెక్క సరిపోయిందని ఒప్పుకుంటే తప్ప తర్వాతి కాలపు లెక్క తెరుచుకోదు. అంటే మర్నాడు మామూలుగా కౌంటరు తెరవడం కుదరదు. ‘ఈ లోటు నాది కాదు, నేను ఒప్పుకోను, విచారించండి’ అనడానికి ఆ తెర మీద మీట లేదు.

అంతకుముందు కనీసం సస్పెన్స్ ఖాతా అని ఒకటుండేది. కారణం తేలని మొత్తాన్ని అందులో పక్కన పెట్టి, విచారణ జరిగేదాకా లెక్క ముందుకు నడిపే వీలుండేది. 2005లో చేసిన మార్పుల్లో ఆ వీలును తీసేశారు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ లేని మీట గురించే. బ్రిటిష్ పోస్టాఫీసు కుంభకోణం గురించి మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది దాన్ని సాఫ్ట్‌వేర్ లోపం కథగానో, కోర్టుల తప్పిదంగానో చెబుతారు. రెండూ నిజమే. కానీ వాటికన్నా ముందు అది, తన కింద పనిచేసే బ్రాంచి నిర్వాహకులతో వచ్చే వివాదాన్ని ఒక సంస్థ వివాదంగా గుర్తించడానికే నిరాకరించిన కథ. వివాదానికి చోటు తీసేశాక అది బాకీ అయింది, బాకీ నేరమైంది. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా ఈ లెక్కల ఆధారంగా శిక్షపడ్డారు. వారిలో సుమారు 700 మంది మీద కేసు పెట్టి నడిపించింది పోలీసులూ కాదు, ప్రభుత్వ ప్రాసిక్యూటర్లూ కాదు, పోస్టాఫీసు సంస్థే.

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణముంది. పదిహేనేళ్ళుగా నా ఉద్యోగం ప్రొడక్షన్ సపోర్ట్. దుకాణాల బిల్లింగు, రోజువారీ లెక్కల ముగింపు చేసే వ్యవస్థలు ఎక్కడైనా ఆగిపోతే అర్ధరాత్రి లేచి సరిచేసేది మా బృందమే. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది జరిగిన సంగతి ఒకటి నేను ఇంతవరకూ మరచిపోలేదు. ఒక దుకాణంలో రోజు లెక్క ముగిసే సమయానికి నెట్‌వర్క్ తెగిపోయింది. తిరిగి వచ్చినప్పుడు కొన్ని అమ్మకాలు రెండుసార్లు నమోదయ్యాయి. అంటే సొరుగులో ఉండాల్సిన డబ్బు, నిజంగా ఉన్న డబ్బు కన్నా ఎక్కువగా కనిపించింది. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఏడుస్తూ ఫోను చేసింది. నేను డేటాబేసులోకి నేరుగా వెళ్ళి, రెండోసారి పడిన వరసలను తొలగించాను. పది నిమిషాల పని. నేను లోపలికి వెళ్ళినట్టు ఆమె తెర మీద ఏ గుర్తూ లేదు, దుకాణం యజమానికీ తెలియదు. టికెట్ (అంటే ఆ ఫిర్యాదు నమోదు) మూసేటప్పుడు కారణం ఎంచుకోవాల్సిన జాబితాలో మా తప్పును ఒప్పుకునే మాట లేదు కాబట్టి, అందరూ చేసినట్టే నేనూ ‘వాడకందారు పొరపాటు’ అన్నదాన్ని ఎంచుకున్నాను. ఆ అమ్మాయి పొరపాటేమీ లేదని నాకు తెలుసు. ఆమె యజమాని ఆ నివేదిక చదివి ఏమనుకున్నాడో నాకు తెలియదు.

అందువల్ల, హొరైజన్‌ను తయారుచేసి నడిపిన ఫ్యుజిత్సు ఇంజనీర్లు బ్రాంచీల లెక్కల్లోకి దూరంగా ఉండే ప్రవేశించగలిగేవారని, సబ్‌పోస్ట్‌మాస్టర్‌కు తెలియకుండా లావాదేవీలు చేర్చగలిగేవారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. అలాంటి దారి లేని వ్యవస్థను నేనింతవరకూ చూడలేదు. నన్ను కలవరపెట్టింది, అలాంటి దారే లేదని పోస్టాఫీసు ఏళ్ళ తరబడి బాధితులకూ, విలేకరులకూ, పార్లమెంటు సభ్యులకూ చెబుతూ రావడం. కోర్టులో ఆ మాట నిలబడదని తేలింది 2019లో.

సబ్‌పోస్ట్‌మాస్టర్ సంస్థ ఉద్యోగి కారు. సొంత డబ్బు పెట్టి దుకాణం కొనుక్కుని, ఒప్పందం మీద పోస్టాఫీసు కౌంటరు నడిపే వ్యాపారి. మన దగ్గరి డీలరుకూ ఏజెంటుకూ మధ్యస్థంగా ఉండే స్థానం. ఆ ఒప్పందంలోని 12వ సెక్షన్, 12వ క్లాజు ప్రకారం తన నిర్లక్ష్యం, అజాగ్రత్త, పొరపాటు వల్ల వచ్చే నష్టాలకు ఆయనే బాధ్యుడు. ఈ మాటల్లో అన్యాయమేమీ లేదు. ఎవరైనా సంతకం పెడతారు. కానీ ఆ క్లాజును సంస్థ అమలు చేసిన తీరు వేరు. నిర్లక్ష్యమో పొరపాటో జరిగిందని చూపించాల్సిన బాధ్యత తనదన్న సంగతి పక్కన పెట్టి, తెర మీద లోటు కనిపిస్తే చాలు, అది నిర్వాహకుడి తప్పేనని తీర్మానించుకుంది. హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినవారిలో ఎంతోమందికి ‘ఇలా జరుగుతున్నది మీ ఒక్కరికే’ అన్న జవాబు వచ్చింది. దేశమంతటా చెదిరి ఉన్న, ఒకరితో ఒకరికి పరిచయం లేని చిన్న దుకాణదారులు ఆ మాటను నమ్మారు.

హాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే చిన్న ఊళ్ళో జో హామిల్టన్ దుకాణంతో పాటు పోస్టాఫీసు నడిపేది. ఒకసారి 2 వేల పౌండ్లకు పైగా తేడా కనిపిస్తే హెల్ప్‌లైన్‌కు ఫోను చేసింది. అటువైపు వాళ్ళు చెప్పిన మీటలు చెప్పినట్టు నొక్కుతుండగానే, ఆమె కళ్ళముందే ఆ లోటు రెట్టింపయింది. సహాయం అడిగిన ఫోనులోనే బాకీ రెట్టింపయిన ఆ ఘట్టం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నా వృత్తిలో ఇలాంటిది జరిగితే, ఫోను ఇటువైపున్నవాడు అప్పటికప్పుడు చేస్తున్న పని ఆపి, పై ఇంజనీరును లేపాలి. అది లోపానికి దొరికిన ప్రత్యక్ష సాక్ష్యం. అక్కడ మాత్రం ఆ రెట్టింపు మొత్తమూ ఆమె కట్టాల్సిందే అయింది. లోట్లు పెరిగి 36 వేల పౌండ్లకు చేరాయి. ఇల్లు తనఖా పెట్టింది. పూడ్చలేని స్థితి వచ్చాక, దుకాణం మూతపడకుండా ఉండటానికి లెక్క సరిపోయినట్టు చూపించి ముగించింది. దాంతో ఆమె చట్టం దృష్టిలో నేరస్తురాలైంది. దొంగతనం ఆరోపణ ఉపసంహరించుకోవాలంటే తప్పుడు లెక్కలు రాసినట్టు ఒప్పుకోవాలి, డబ్బు కట్టాలి, హొరైజన్ మీద నింద వేయకూడదు. ఇదీ బేరం. జైలు భయంతో ఆమె ఒప్పుకుంది. ఊరివాళ్ళు చందాలు వేసుకుని ఆమెను ఆదుకున్నారు.

ఇక్కడ నేరం ఎలా పుట్టిందో నిదానంగా చూడాలి. ఆమె నేరమని కోర్టు రాసుకున్నది, నిజం కాని అంకె మీద సంతకం పెట్టడం. నిజమైన అంకె చెప్పి, ‘తేడా వచ్చింది, కారణం తెలియదు, విచారించండి’ అని రాసే గడి ఉండి ఉంటే, ఆ అబద్ధపు అంకె అవసరమే వచ్చేది కాదు. వందలాదిమంది తప్పుడు లెక్కలు రాశారంటే వందలాదిమంది నిజాయితీ లేనివాళ్ళని కాదు. నిజం రాయడానికి ఆ వ్యవస్థలో చోటు లేదని. ఆ చోటును సంస్థ తన చేతులతో తీసేసి, లేనందుకు పుట్టిన అబద్ధానికి మనుషులను శిక్షించింది.

దీనికి అవతలి ఉదాహరణ అలన్ బేట్స్. వేల్స్‌లోని లాండుడ్నో దగ్గర క్రెయిగ్-య్-డాన్ అనే చోట ఆయన బ్రాంచి. లోట్లు వచ్చినప్పుడు, సస్పెన్స్ ఖాతా ఇంకా ఉన్న ఆ రోజుల్లో, ఆయన వాటిని తన బాకీగా ఒప్పుకోలేదు. ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, సమాచారం ఇమ్మన్నాడు, అబద్ధపు అంకె మీద సంతకం పెట్టలేదు. 2003లో, కారణం చెప్పాల్సిన పని కూడా లేకుండా, మూడు నెలల నోటీసుతో ఒప్పందం రద్దు చేశారు. పెట్టుబడి పోయింది. కానీ ఆయన మీద క్రిమినల్ కేసు పడలేదు. ఆయనకూ జో హామిల్టన్‌కూ నిజాయితీలో తేడా లేదు. ఒకరు ఒప్పుకోనని రాతలో పెట్టగలిగిన కాలంలో ఉన్నారు, మరొకరు ఆ వీలు పోయిన కాలంలో చిక్కుకున్నారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఆయన చేసిన పోరాటమే మిగతావాళ్ళందరినీ ఒకచోటికి చేర్చింది. 2009లో కంప్యూటర్ వీక్లీ పత్రిక ఏడుగురి కథలు అచ్చువేసింది. అదే ఏడాది నవంబరులో వార్విక్‌షైర్‌లోని ఫెన్నీ కాంప్టన్ ఊరి హాల్లో వాళ్ళు మొదటిసారి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘మీ ఒక్కరికే’ అన్న మాట అబద్ధమని అక్కడ తేలిపోయింది.

సివిల్ కోర్టుకు వెళ్ళినవారి గతి కూడా మెరుగ్గా లేదు. బ్రిడ్లింగ్టన్‌లో బ్రాంచి నడిపిన లీ కాసిల్టన్ 2004 మొదటి నెలల్లో లోట్ల గురించి హెల్ప్‌లైన్‌కు 91 సార్లు ఫోను చేశాడు. సంస్థ దాదాపు 26 వేల పౌండ్లకు దావా వేసింది. లాయరును పెట్టుకునే స్తోమత లేక తనే వాదించుకున్న ఆయన ఓడిపోయాడు. 2007 తీర్పులో కీలకమైన తర్కం ఏమిటంటే, లెక్కల మీద సంతకం పెట్టిన ఏజెంటు, ఆ లెక్క తప్పని తానే రుజువు చేసుకోవాలి. రుజువుకు కావలసిన సమాచారమంతా ఎదుటి పక్షం సర్వర్లలో ఉంది. 3 లక్షల 21 వేల పౌండ్ల ఖర్చులు నెత్తిన పడి ఆయన దివాలా తీశాడు. 26 వేల కోసం ఒక సంస్థ 3 లక్షలకు పైగా ఎందుకు ఖర్చు పెడుతుంది? మిగతా సబ్‌పోస్ట్‌మాస్టర్లకు ఒక హెచ్చరికగా నిలబెట్టడానికేనన్నది నా అభిప్రాయం.

నేను హెచ్చరిక అంటున్నది ఊహ మీద కాదని సీమా మిశ్రా కేసు చూస్తే అర్థమవుతుంది. సర్రే కౌంటీలోని వెస్ట్ బైఫ్లీట్‌లో బ్రాంచి నడిపిన భారతీయ మూలాల మహిళ ఆమె. 74 వేల పౌండ్లకు పైగా లోటు. తప్పుడు లెక్కలు రాసినట్టు ఒప్పుకుంది, దొంగతనం మాత్రం చేయలేదంది. 2010 అక్టోబరులో గిల్డ్‌ఫర్డ్ క్రౌన్ కోర్టులో విచారణ జరిగింది. ఫ్యుజిత్సు ఇంజనీరు గారెత్ జెంకిన్స్ హొరైజన్ మీద సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ ఆమెను దోషి అంది. నవంబరు 11న, ఆమె పెద్దకొడుకు పదో పుట్టినరోజున, గర్భవతిగా ఉన్న ఆమెకు 15 నెలల జైలు శిక్ష పడింది. జ్యూరీ తీర్పు వచ్చాక పోస్టాఫీసు క్రిమినల్ న్యాయవిభాగంలోని సీనియర్ లాయరు ఒకరు తన వాళ్ళకు రాసిన ఈమెయిల్, హొరైజన్ మీద దాడిని తిప్పికొట్టామని, ఇకపై దాన్ని నిందించే గుంపులో చేరాలనుకునే ముద్దాయిలకు ఇది గుర్తుండిపోతుందని సంబరపడింది. విచారణ మొదలవడానికి మూడు రోజుల ముందు, దాదాపు 60 బ్రాంచీల లెక్కలను తప్పుగా చూపించిన ఒక లోపం గురించిన పత్రం ఆ న్యాయవిభాగానికి చేరి ఉంది. అది మిశ్రా లాయర్ల చేతికి రాలేదు.

ఇలాంటి పని సాధ్యపడటానికి రెండు చట్టపరమైన అంశాలు తోడయ్యాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎవరైనా ప్రైవేటుగా క్రిమినల్ ప్రాసిక్యూషన్ నడపవచ్చు. పోస్టాఫీసుకు దర్యాప్తు చేసే సొంత విభాగం, కేసులు నడిపే సొంత లాయర్లు ఉండేవారు. అంటే నష్టపోయాననే ఫిర్యాదీ, దర్యాప్తు అధికారి, ప్రాసిక్యూటర్, సాక్ష్యాన్ని తన అధీనంలో ఉంచుకున్నవాడు, చివరికి ఆ డబ్బు రాబట్టుకునేవాడు కూడా ఒక్కరే. రెండోది, కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని కేసు పెట్టినవారే చూపించాలన్న 1984 నాటి చట్టంలోని 69వ సెక్షన్‌ను 1999లో చేసిన చట్టంతో రద్దు చేశారు. అది 2000లో, సరిగ్గా హొరైజన్ బ్రాంచీలన్నింటికీ చేరుతున్న రోజుల్లో అమలుకు వచ్చింది. అప్పటినుంచి యంత్రం సరిగ్గానే ఉన్నట్టు కోర్టు భావిస్తుంది, కాదనేవాడు చూపించాలి. లోపలి రికార్డు చూడనిదే ఎలా చూపిస్తాడు? ఆ లోతైన ఆడిట్ రికార్డును ఫ్యుజిత్సు నుంచి తెప్పించడానికి ఒప్పందంలో ఏడాదికి ఇన్ని అని పరిమితి ఉండేది, అది దాటితే పోస్టాఫీసు అదనంగా చెల్లించాలి. ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడిన కాగితాన్ని తెప్పించాలా వద్దా అన్నది ఆ విధంగా ఖర్చుల లెక్కలోకి వెళ్ళింది.

ప్రైవేటు ప్రాసిక్యూషన్ హక్కే అన్నింటికీ మూలమని, అది తీసేస్తే చాలునని కొందరి వాదన. నేను అంతవరకూ వెళ్ళలేను. స్కాట్లాండ్‌లో పోస్టాఫీసుకు ఆ హక్కు లేదు. అక్కడ కేసులు నడిపింది ప్రభుత్వ ప్రాసిక్యూటర్లే. అయినా అక్కడా నిర్దోషులకు శిక్ష పడింది. ఎందుకంటే వారి ముందు పెట్టిన సాక్ష్యం పోస్టాఫీసు తయారుచేసిందే. కేసు ఎవరు నడిపారన్నది ముఖ్యమే గానీ, వివాదం పుట్టిన క్షణంలో రికార్డు ఎవరి చేతిలో ఉంది, దాన్ని రెండో పక్షం చూడగలిగిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం.

మా తాతయ్య గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేశారు. మనియార్డర్ల పైకం, సేవింగ్స్ జమలు అన్నీ ఆయన చేతిరాతతోనే పుస్తకంలోకి ఎక్కేవి. లెక్క తేలకపోతే రాత్రి లాంతరు పెట్టుకుని చిట్టా వెనక్కి తిప్పుకుంటూ కూర్చునేవారని నాయనమ్మ చెప్పేది. ఒకసారి ఏడు రూపాయలు తేలక రెండు రాత్రులు కూర్చుంటే, చివరికి ఒకటిని ఏడుగా చదివిన చోటు, తర్వాత ఇంకో రూపాయి తేడా దొరికాయట. పుస్తకాల లెక్క కంప్యూటర్ కన్నా మంచిదని నేననను. తప్పులు అక్కడే ఎక్కువ. కానీ తప్పు దొరికే దారి ఆయన చేతిలో ఉండేది. పై ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తే, ఇద్దరూ ఒకే పుస్తకాన్ని చూస్తూ మాట్లాడుకునేవారు. హొరైజన్ వచ్చాక బ్రిటన్‌లోని సబ్‌పోస్ట్‌మాస్టర్‌కు పోయింది అదే. చిట్టా కంపెనీ సర్వర్‌లోకి వెళ్ళిపోయింది, చిట్టా చివర సంతకం మాత్రం ఆయనదిగా మిగిలింది.

సంస్థకు తన తప్పు సరిదిద్దుకునే అవకాశాలు రాలేదని ఎవరూ అనలేరు. పార్లమెంటు సభ్యుల ఒత్తిడితో 2012లో సెకండ్ సైట్ అనే స్వతంత్ర లెక్కల పరిశోధన సంస్థను నియమించారు. 2013 జూలైలో వారి మధ్యంతర నివేదిక వచ్చింది. అదే నెలలో, పోస్టాఫీసు తరఫున కేసులు చూస్తున్న సైమన్ క్లార్క్ అనే బారిస్టర్, జెంకిన్స్‌కు హొరైజన్ లోపాల గురించి తెలిసి కూడా కోర్టులకు చెప్పలేదని, ఆయన సాక్ష్యం మీద ఇక ఆధారపడకూడదని రాతపూర్వకంగా సలహా ఇచ్చాడు. ఆ కాగితం చేతికి అందిన రోజే, ఆ సాక్ష్యంతో శిక్షపడిన ప్రతి మనిషికీ కబురు పంపాల్సింది. సీమా మిశ్రాకు చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ సలహాపత్రం బయటపడింది 2020లో, శిక్షల మీద అప్పీళ్ళు నడుస్తున్నప్పుడు. ఈలోగా 2013లో మొదలుపెట్టిన మధ్యవర్తిత్వ పథకానికి 150 మంది దరఖాస్తు పెట్టుకుంటే, 2015 మార్చిలో సెకండ్ సైట్‌ను తొలగించి దాన్ని అర్ధాంతరంగా ముగించారు. సంస్థ వివాదాలను ఎలా చూస్తుందో తెలుసుకోవడానికి నాకు ఈ రెండేళ్ళ చరిత్ర చాలు. తెలియక చేసిన తప్పును క్షమించవచ్చు. 2013 జూలై తర్వాతి మౌనం తెలియక చేసింది కాదు.

మిగిలింది కోర్టు. 555 మంది కలిసి వేసిన సామూహిక దావాలో జస్టిస్ ఫ్రేజర్ 2019 మార్చిలో మొదటి తీర్పు ఇచ్చి, ఈ ఒప్పందాల్లో పరస్పర సద్భావంతో నడుచుకోవాల్సిన బాధ్యత ఇమిడి ఉందన్నారు. పోస్టాఫీసు దానికి స్పందించిన తీరు, ఆ జడ్జినే కేసు నుంచి తప్పుకోవాలని కోరడం. ఆ కోరికను కోర్టులు తోసిపుచ్చాయి. డిసెంబరులో రెండో తీర్పు, హొరైజన్‌లో లోట్లను సృష్టించగల లోపాలున్నాయని తేల్చింది. భూమి బల్లపరుపుగా ఉందని ఈ శతాబ్దంలో వాదించడంతో సంస్థ వైఖరిని జడ్జి పోల్చారు. రాజీగా వచ్చిన 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌండ్లలో అధికభాగం లాయర్ల ఖర్చులకూ, దావాకు పెట్టుబడి పెట్టినవారికీ పోయి, మనిషికి సగటున 20 వేల పౌండ్లు మిగిలాయి. 2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలు కొట్టివేస్తూ, రుజువు భారాన్ని తలకిందులు చేయాలని పోస్టాఫీసు చూసిందని, ఆ ప్రాసిక్యూషన్లు న్యాయస్థానపు అంతరాత్మకే అవమానమని చెప్పింది. సీమా మిశ్రా, జో హామిల్టన్ ఆ 39 మందిలో ఉన్నారు.

ఆ రోజు అప్పీలు చేసుకున్నవారు 42 మంది. ముగ్గురి అప్పీళ్ళను కోర్టు ఒప్పుకోలేదు. ఈ సంగతి ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, అందరూ నిర్దోషులేనా, ప్రజల డబ్బు నిజంగా తిన్నవాడు ఒక్కడూ లేడా అన్న ప్రశ్నకు నేను ముఖం చాటేయదలచుకోలేదు. ఇన్ని వేల బ్రాంచీల్లో కొందరు తిని ఉండవచ్చు. నగదు చేతులు మారే ప్రతి వ్యాపారంలోనూ దొంగతనం ఉంటుంది, సంస్థ తన డబ్బును కాపాడుకోవాలి. 2024 మే నెలలో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసి ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఈ కోవకు చెందిన శిక్షలన్నింటినీ మూకుమ్మడిగా రద్దు చేసినప్పుడు, కోర్టులు చేయాల్సిన పనిని శాసనసభ చేయడం మంచిది కాదని న్యాయనిపుణులు కొందరు ఆందోళన పడ్డారు. ఆ ఆందోళన సరైనదే. అయినా నేను ఆ చట్టాన్ని సమర్థిస్తాను. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చెప్పగలిగే లెక్కను పోస్టాఫీసే పాడుచేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ రుజువు చేసుకోమంటే, వృద్ధులు చనిపోయేదాకా ఆ వరస తరగదు. అప్పటికే ఎంతోమంది చనిపోయారు కూడా. 2025 జూలైలో, ఈ కుంభకోణం మీద వేసిన సర్ విన్ విలియమ్స్ విచారణ సంఘం వెలువరించిన నివేదిక మొదటి సంపుటం, కనీసం 13 ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చని పేర్కొంది.

ఇక పరిహారం దగ్గర సంస్థ పాత అలవాటు మళ్ళీ తలెత్తింది. శిక్ష పడకపోయినా, జేబులోంచి లోట్లు పూడ్చుకున్న వేలాదిమంది కోసం 2020లో తెరిచిన పథకాన్ని నడిపింది పోస్టాఫీసే. బాకీ వేసిందీ, ఆ బాకీ న్యాయమా కాదా అని దరఖాస్తులు చూసిందీ ఒకే ఇల్లు. పదిహేను, ఇరవై ఏళ్ళ కింద ఎంత కట్టారో, దానివల్ల ఎంత నష్టపోయారో చూపించాల్సింది బాధితుడు. ఆ రోజుల కాగితాలు ఎక్కడున్నాయంటే, సస్పెండ్ చేసిన రోజు ఆడిటర్లు పెట్టెల్లో కట్టి తీసుకెళ్ళినవి చాలా ఉన్నాయి. దరఖాస్తు పెట్టే దశలో లాయరు సలహాకు డబ్బు ఇవ్వలేదు. మొత్తం చెల్లింపులు ఇప్పుడు వంద కోట్ల పౌండ్లు దాటాయి. డబ్బు రాలేదని నేననడం లేదు. కానీ విలియమ్స్ నివేదిక కూడా పోస్టాఫీసూ, ప్రభుత్వ శాఖా, వారి సలహాదారులూ ఎదుటివాడిని ప్రత్యర్థిగా చూసే ధోరణిని తప్పుబట్టి, ఈ పథకంలో ఉన్నవారికి ఉచిత న్యాయసలహా ఇవ్వాలని సిఫారసు చేయాల్సి వచ్చిందంటే, వివాదాన్ని బాకీగా చూసే చూపు ఎక్కడికీ పోలేదన్నమాట.

వర్తమానంలో మారినవి ఉన్నాయి. ఇకపై తానే కేసులు నడపబోనని సంస్థ ప్రకటించింది. తీర్పుల తర్వాత హొరైజన్ తెర మీద ‘పరిశీలన లేదా వివాదం’ అని ఒక మీట వచ్చింది. ఒక్క మీట. దానికి ఇరవై ఏళ్ళు పట్టింది. అయితే విచారణ సంఘం 2024లో చేయించిన సర్వేలో, 2020 తర్వాత కూడా కారణం తెలియని తేడాలు వచ్చాయని పదిమందిలో దాదాపు ఏడుగురు సబ్‌పోస్ట్‌మాస్టర్లు చెప్పారు. వాటిని తామే సర్దుకున్నామని చెప్పినవారు వారిలో చాలామంది ఉన్నారు. మీట నొక్కితే అవతల ఎవరు వింటారో, వారు ఎవరి జీతగాళ్ళో తెలిసినంతకాలం మనుషులు సొంత డబ్బే పెడతారు. అది భయం నేర్పిన అలవాటు.

ఆ భయంలో మనవాళ్ళ వాటా తక్కువేమీ కాదు. బ్రిటన్‌లో చిన్న దుకాణాలూ పోస్టాఫీసు కౌంటర్లూ నడిపేవారిలో దక్షిణాసియా మూలాల కుటుంబాలు, ముఖ్యంగా గుజరాతీలు, చాలామంది. పోస్టాఫీసు దర్యాప్తు విభాగం అనుమానితులను జాతుల వారీగా కోడ్‌లతో వర్గీకరించిన పత్రం 2023లో బయటపడింది. అందులో భారతీయులకూ పాకిస్తానీయులకూ ఒక కోడ్ ఉంది, నల్లజాతివారికి ఎన్నడో వదిలేయాల్సిన అవమానకరమైన మాట ఉంది. సంస్థ క్షమాపణ చెప్పింది. ఆ కోడ్‌లు నింపిన చేతులే ఎవరి మీద కేసు పెట్టాలో సిఫారసు చేశాయన్న సంగతి క్షమాపణతో మాసిపోదు.

మన దేశం విషయానికి వస్తే, పోలిక ఉన్నంత మేరకే చెబుతాను. మా చిన్నాన్న కొడుకు ఊళ్ళో ఒక బ్యాంకు తరఫున కస్టమర్ సర్వీస్ పాయింట్ నడుపుతున్నాడు. మొన్న వేసవిలో నేను వెళ్ళినప్పుడు, ఒక పెద్దావిడ కట్టిన 4 వేల రూపాయలు అతని సెటిల్‌మెంట్ ఖాతాలోంచి పోయాయి, ఆవిడ ఖాతాలో పడలేదు. యంత్రం ‘విఫలం’ అని చూపింది. “ఏం చేశావురా?” అని అడిగితే, “ఏం చేస్తానన్నయ్యా, మామ్మకు నా జేబులోంచి ఇచ్చేశాను. లేకపోతే ఊరంతా నేను తిన్నాననుకోరూ? కంప్లైంట్ పెట్టా, వస్తే వచ్చినట్టు” అన్నాడు. విఫలమైన లావాదేవీల డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి జమ చేయాలో, ఆలస్యమైతే రోజుకు ఎంత ఇవ్వాలో రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశాలు ఇచ్చింది. అవి ఖాతాదారుణ్ణి దృష్టిలో పెట్టుకున్నవి. మధ్యలో కూర్చున్న నిర్వాహకుడికి ఆ ధీమా లేదు.

మన చట్టంలో ఒక మంచి ఉంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్, పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ లాగే, కంప్యూటర్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలంటుంది. కొత్త చట్టం నిపుణుడి సంతకాన్ని కూడా చేర్చింది. బ్రిటన్ వదిలేసుకున్న జాగ్రత్తను మనం నిలుపుకున్నాం. కానీ యంత్రం సరిగ్గానే పనిచేసిందని మొదటి సంతకం పెట్టేది ఆ యంత్రాన్ని నడిపే సంస్థ మనిషే. కోర్టుదాకా వచ్చిన కేసుకే ఆ ధ్రువపత్రం. మా తమ్ముడి 4 వేలు ఏ కోర్టుకూ పోవు. బ్యాంకు మిత్రలూ, మీసేవ నిర్వాహకులూ, రేషను డీలర్లూ లెక్కలో తేడా వచ్చిన రోజునే, డబ్బు కట్టకముందే, తేడాను వివాదంగా నమోదు చేసుకునే హక్కు, ఆ లావాదేవీ పూర్తి రికార్డును తాము చూసే హక్కు, ఆ వివాదం తేలేదాకా వసూలు ఆగే హక్కు ఒప్పందంలోనే ఉండాలి. ఆ వివాదాన్ని తేల్చేవారు సంస్థ జీతం మీద ఉన్నవారు కాకూడదు. ఇవి ఖర్చుతో కూడిన పనులే. బ్రిటన్ కడుతున్న పరిహారం కన్నా ఖర్చు కావు.

నాకు అధికారం ఉన్న చోటు ఒక్కటే ఉంది, అది మా బృందం. టికెట్ మూసేటప్పుడు ఎంచుకునే కారణాల జాబితాలో ‘కారణం తేలలేదు’, ‘మా వ్యవస్థలో లోపం’ అని రెండు మాటలు చేర్చాలని నిరుడు అడిగాను. క్లయింటు దగ్గర చెడ్డపేరు వస్తుందని మా మేనేజరు మొదట ఒప్పుకోలేదు. మూడు సమావేశాల తర్వాత మొదటి మాటకు మాత్రం అనుమతి వచ్చింది. ఆ నెలలో దాని కింద చేరిన టికెట్లను మేము వారానికోసారి కూర్చుని తిరగేశాం. వాటిలో కొన్నింటికి కారణం మా కోడ్‌లోనే దొరికింది. పాతరోజుల్లో అయితే అవన్నీ ‘వాడకందారు పొరపాటు’ కింద మూసుకుపోయేవి. రెండో మాట కోసం ఇంకా అడుగుతున్నాను.